బండి రాని గేటు

హైదరాబాదు,
6 జనవరి 1984

బాపుకు,

నీ నలభై మూడు అందింది.

ఉత్తరం కింద నువ్వు నీ చేత్తో వేసిన అంకెను ముందుగా తిరిగి చెప్పి, ఆ తర్వాతే మిగతా సంగతులు రాయాలన్న నీ నియమం నేను ఇల్లు విడిచిన నాలుగేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. నా గదిలో ఉండే సరళకు ఇది తమాషా. "మీ ఇంట్లో ఉత్తరాలు కూడా రైలుబండ్లేనా?" అంటుంది. మా బాపు మహబూబాబాద్ దగ్గర రైలు గేటు చూస్తాడనీ, గేటు వేసి ఫోన్‌లో ప్రతిసారీ ఏదో ఒక కొత్త అంకె చెబితే, స్టేషన్ మాస్టర్ అదే అంకె తిరిగి చెబితే తప్ప బండి కదలదనీ, బాపుకు అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చుననీ చెప్పాను. నవ్వడం మానేసింది.

కొమురెల్లి మామా, చదివేది నువ్వే కాబట్టి నీకు కూడా దండం. ఇక్కడి నుంచి జర మెల్లగా చదువు. ముఖ్యమైన సంగతి.

విమానం నడిపే శిక్షణలో మేము తొమ్మిది మందిమి. ఆడపిల్లను నేనొక్కదాన్నే. పక్కన నేర్పే సార్ కూర్చోగా ఇప్పటికి ఇరవై రెండు గంటలు ఎగిరాను. ఇక ఒంటరిగా ఎగరవలసిన రోజు దగ్గర పడింది. అంతకన్నా ముందు రెండు చోట్లలో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి ఇక్కడి బేగంపేట. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి, ఢిల్లీ నుంచి పెద్ద విమానాలు వచ్చే చోటు. మా చిన్న విమానం వాటి మధ్య గేదెల మందలో దూడలాగా తిరుగుతుంది. రెండోది వరంగల్ పక్కన మామునూరు. పాత మైదానం, నిశ్శబ్దంగా ఉంటుంది. ఆరు నెలలు ఒక విమానాన్ని అక్కడ ఉంచి నలుగురికి నేర్పిస్తారట.

నేను మామునూరు అనుకుంటున్నాను. అక్కడైతే ఆదివారం పొద్దున బండెక్కి అన్నం వేళకు ఇంట్లో ఉంటాను. చలికాలం ఇక్కడ పొగమంచు కూడా ఎక్కువ. అక్కడ గాలి తేటగా ఉంటుందంటున్నారు.

ఇందులో ఒక కాగితం పెట్టాను. ఏ ఊరో రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. కింద ఇంటివాళ్ల ఒప్పుదలగా నీ వేలిముద్ర కావాలి. నెలాఖరులోగా ఇవ్వాలి.

అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి?

నీ బిడ్డ
సుమిత్ర


మహబూబాబాద్ గేటు,
11 జనవరి 1984

బిడ్డా సుమిత్రా,

నీ జాబు ముట్టింది. కొమురెల్లి రెండుసార్లు చదివిండు. రెండోసారి మీ అమ్మ కోసం. ఆమె గిన్నెలు తోముకుంట సగమే విన్నదట.

వరంగల్ అన్న మాట పడంగనే మీ అమ్మ లేచి నిలబడ్డది. "గంత దగ్గరనా? అయితే గదే. ఇంకో మాట లేదు" అన్నది. చిల్పూరు బుగులు ఎంకన్నకు మొక్కింది, బిడ్డ ఒక్కతె ఎగిరి దిగిన దినం కొబ్బరికాయ కొడుతనని. ఎక్కే దినం కొట్టవా అని నేనంటే, "ఎక్కుడు ఎవ్వలైనా ఎక్కుతరు. దిగుడే అసలు ముచ్చట" అన్నది.

భూపాలపల్లి నుంచి మీ చిన్నమ్మ గట్టమ్మ వచ్చిపోయింది. అడివి మీదికెళ్లి ఇమానం చప్పుడైతే చాలు, ఆకిట్లకు వచ్చి చెయ్యి ఊపుతదట. "నా బిడ్డె పోతున్నది" అని వాడకట్టోళ్లందరికి చెప్తదట. అది ఢిల్లీ పోయేదో, యాడికి పోయేదో ఎవరికెరుక.

నేను మాత్రం ఊ అనలే, ఊహూ అనలే. ఒక్క మాట అడుగుత, చెప్పు. ఆ మైదానంల దినాం ఎన్ని ఇమానాలు దిగుతయ్? నువ్వు దిగొచ్చేటప్పుడు "రా" అనేదెవరు, "ఆగు" అనేదెవరు? ఫోనున్నదా? గది చెప్పినంక వేలిముద్ర ఏస్త.

(నేను కొమురెల్లిని రాస్తున్న. దూడ ముచ్చట చదివితే మీ బాపు నవ్విండు. తర్వాత మొత్తం జాబు అయ్యేదాక నవ్వలే. నా మోడు కాలుకు ఈ చలి పడుత లేదు. నువ్వు పైకెళ్లి పోయేటప్పుడు మా దిక్కు ఎండను జర తోలు.)

బాపు
58


హైదరాబాదు,
16 జనవరి 1984

బాపుకు,

నీ యాభై ఎనిమిది అందింది.

నువ్వు అడిగినవాటికి జవాబు చెప్పే ముందు ఒక అబద్ధం దిద్దుకోవాలి. పొగమంచు, ఆదివారం భోజనం, అవన్నీ నిజాలే, కానీ నేను మామునూరు కోరుకున్నది వాటి కోసం కాదు. మామా, ఇక్కడి నుంచి అమ్మకు వినబడకుండా చదువు.

కిందటి నెల బేగంపేటలో దిగడానికి వస్తున్నాను. విమానాన్ని తిప్పే కర్ర నా చేతిలోనే ఉంది. పక్కన సార్ చేతులు కట్టుకొని కూర్చున్నారు. వెనక ఎక్కడో ఒక పెద్ద జెట్టు వస్తోంది. టవర్ నుంచి రేడియోలో ఇంగ్లిషులో గబగబా ఏదో చెప్పారు. విన్నది తిరిగి చెప్పాలి, అది పద్ధతి. నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్లీ అడిగారు. నాకు నా విమానం పేరు ఒక్కటే వినిపిస్తోంది, మిగతాదంతా వానచప్పుడులా ఉంది. మూడోసారి ఆ గొంతులో కోపం వచ్చింది. సార్ కర్ర లాక్కొని, తనే జవాబు చెప్పి, విమానాన్ని పక్కకు తిప్పారు. అప్పుడు చూశాను దాన్ని. మేము ఉండవలసిన చోటు మీదుగా అది దిగుతోంది. దాని కిటికీలు కూడా కనిపించాయి బాపూ.

సార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. కోస్తా నుంచి వచ్చిన ఒకబ్బాయి మాత్రం క్యాంటీనులో అందరూ వినేటట్టు, "టవరన్నా, జర ఆగుండ్రి, నాకు సమజైతలేదు అనాల్సింది కదండీ!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటి నుంచి రేడియో చెవులకు పెట్టుకుంటే అరచేతులు తడిసిపోతున్నాయి. నిద్రలో కూడా ఎవరో నా విమానం పేరు పిలుస్తారు. నాకు నోరుండదు.

ఇప్పుడు నీ ప్రశ్నలకు. మామునూరులో మా విమానం తప్ప ఇంకోటి రావడమే అరుదు. రా అనేవారు లేరు, ఆగు అనేవారు లేరు. టవర్ లేదు. మైదానం మీద ఒక చుట్టు తిరిగి, మనమే చూసుకొని దిగడమే. మేకలుంటే కాపలావాళ్లు ముందే తోలేస్తారు. అక్కడ నేర్చుకున్న ఒక సీనియర్ "కళ్లు మూసుకొని దిగొచ్చు" అన్నాడు. ఆ మాట విని నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను. నన్ను ఎవరూ ఏమీ అడగని చోటు ఒకటి ఉందని.

తొందరగా వేలిముద్ర వేసి పంపు.

సుమిత్ర


మహబూబాబాద్ గేటు,
21 జనవరి 1984

బిడ్డా,

ఆ మైదానం వద్దు. ఆడ నేర్వకు. వేలిముద్ర ఏస్తలేను. ఎందుకని అడగకు.

బాపు
26

(సుమిత్రా, గింతే రాయమన్నడు. నీ జాబుల "కళ్లు మూసుకొని" అన్న కాడికి రాంగనే లేచి బయటికి పోయిండు. డ్యూటీ కూడ కాదు, గేటు మీద ఇంకో మనిషి ఉండె. పట్టాల పొంటి నడుచుకుంట పోయి చీకటి పడ్డంక వచ్చిండు. అన్నం తినలే. మీ అమ్మ "గట్లయితే బిడ్డను ఇంటికే రమ్మనరాదు, ఈ ఎగురుడెందుకు" అన్నది. దానికి కూడ ఏమనలే. నాకేం తెల్వదు. – కొమురెల్లి)


హైదరాబాదు,
25 జనవరి 1984

బాపుకు,

నాలుగు మాటల ఉత్తరం రాయడానికి ఐదు రోజులు పట్టిందా?

నా భయం చెప్పుకున్నందుకు శిక్షా ఇది? చెప్పకపోతే ఈపాటికి వేలిముద్ర వచ్చేది. నాకు తెలుసు, నువ్వు సిగ్గుపడ్డావు. నలుగురిలో నోరు పెగలని బిడ్డ విమానం ఏం నడుపుతుందనుకున్నావు. అమ్మ ఇంటికి రమ్మంటే నువ్వు మాట్లాడలేదంటే, నువ్వు కూడా రమ్మన్నట్టే కదా.

నన్ను జనగామ హాస్టల్‌లో దింపిన రోజు గుర్తుందా? "భయమైతే భయమని చెప్పు బిడ్డా, దాచిపెట్టకు" అన్నావు. చెప్పాను. ఇదీ జవాబు.

నీకు భయమంటే ఏం తెలుసు? దినానికి నలభై బండ్లకు గేటు వేస్తావు, తీస్తావు. నీ మీదికి ఏదీ రాదు. నిశ్శబ్దంగా ఉన్న చోటు ఎంత సుఖమో నీకు తెలియనిది కాదు. నాకు ఏడేళ్లప్పుడు మనం బొగ్గు బండ్ల లైను మీద ఉన్న చిన్న గేటు బాగా యాదికుంది. దినానికి రెండే బండ్లు. ఫోను లేదు, కేకలు లేవు. పట్టాల మీద బల్లి కూడా భయం లేకుండా ఎండ కాగేది. నువ్వు నన్ను భుజాల మీద ఎక్కించుకొని తిప్పేవాడివి. ఈ గేటుకు వచ్చాక ఎప్పుడైనా ఎక్కించుకున్నావా? అంత హాయి విడిచి ఈ రద్దీ గేటు కావాలని నువ్వే అర్జీ పెట్టుకున్నావని అమ్మ చెప్పింది. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు ఇరవై రెండేళ్లు. 31వ తేదీ సాయంత్రం వరకు చూస్తాను. ఆ తర్వాత నా ఇష్టం వచ్చినట్టు చేస్తాను, లేదంటే నువ్వు కోరినట్టే మూట కట్టుకొని వస్తాను.

సుమిత్ర


మహబూబాబాద్ గేటు,
28 జనవరి 1984

బిడ్డా సుమిత్రా,

నీ జాబుల నంబరు లేదు. కొమురెల్లి మొత్తం చదివినంక "నంబరేదిరా?" అంటే "లేదు" అన్నడు. మల్ల చూడమన్న. మల్ల లేదన్నడు. నాలుగేండ్లల్ల గిదే మొదలు. నంబరు రాకుంటే నాకు గేటు పడనట్టే. నిన్న ఏ బండి వచ్చినా గేటు పడ్డదో లేదోనని మల్ల మల్ల పోయి చూసిన.

చెప్త. చెప్పకుంటే నువ్వు ఉల్టా సమజ్ చేసుకున్నవు. కాని గీ ముచ్చట రాసేది కొమురెల్లి. ఎవలికి దాచిన్నో వాడే రాయాలె. అందుకే పదిహేనేండ్లు నోట్లెనే పెట్టుకున్న. కొమురెల్లీ, నడుమ కలం కింద పెట్టబుద్ధయితే పెట్టు. నేనేమనను.

(కలం కింద పెట్ట. చెప్పు. – కొమురెల్లి)

నువ్వు హాయి అన్న ఆ గేటు. అరవై తొమ్మిది. తెలంగాణ లొల్లి నడుస్తున్నది. బంద్‌లు, లాఠీలు, యాడి బండ్లు ఆడనే. మా లైన్ల తొమ్మిది దినాలు ఒక్క బండి రాలే. తొలి రెండు దినాలు నేను టైముకు గేటు ఏసిన, తీసిన. మూడో దినం ఊరోళ్లు నవ్విండ్రు. "గట్టయ్యా, ఎవలికి ఏస్తున్నవురా గేటు, గాలికా?" అన్నరు. నాలుగో దినం నుంచి తీసే ఉంచిన. తొమ్మిదో దినం మీ అమ్మ తోటి పల్లిచేన్ల కలుపుకు పోయిన. గేటు కాడ ఎవ్వలు లేరు. నిన్ను కూడ తోల్కపోయినం. నువ్వు గట్టు మీద ఆడుకుంటున్నవు.

ఫోను లేని గేటాయె. చెప్పెటోడు లేడు, అడిగెటోడు లేడు. లైను మంచిగున్నదో లేదో చూడనీకె ఒట్టి ఇంజను ఒకటి వచ్చింది. కూత ఇన్న. ఇని కలుపు కొడవలి పట్టుకొనే ఉరికిన. చేను దాటి గట్టెక్కెవరకే అయిపోయింది. పెంట బండి ఇరిగి పడ్డది. ఒక ఎద్దు సచ్చింది. బండోని కాలు మోకాలు కింద పోయింది.

ఆ బండోడు కొమురెల్లి.

ఇంజను ఆగి, మనుషులు దిగి వచ్చెలోపట నేను గేటు ఏసిన బిడ్డా. రగతం మీద నుంచి దాటుకుంట పోయి ఏసిన. సాబులు వచ్చి అడిగితే, "గేటు ఏసే ఉండె, వాడే తీసుకున్నడు" అని చెప్పిన. రాసుకున్నరు. నా నౌకరి ఉన్నది. కొమురెల్లి దవాఖానల నుంచి కర్ర పట్టుకొని వచ్చినంక, దెబ్బ తగిలి వానికేం యాది లేదనుకున్న. మా ఇంట్ల ఉండమన్న. జనం నన్ను మంచోడన్నరు.

తర్వాత అర్జీ పెట్టుకున్న, బండ్లు ఎక్కువ ఉన్న గేటు కావాలని. ఫోనున్న గేటు కావాలని. ఈడ నేను మరిచిపోయినా ఫోను మరిచిపోదు. స్టేషన్ మాస్టర్ నన్ను తిట్టనీ. తిట్టెటోడు ఉన్నడంటే చూసెటోడు ఉన్నడు. అందుకే "కళ్లు మూసుకొని దిగొచ్చు" అన్న కాడ నాకు పాణం ఆగలే. ఆ మైదానం చెడ్డది కాదు. ఆడ దిగెటోళ్లు దిగుతరు. కాని నువ్వు పోవాలనుకున్నది ఎవ్వలు ఏమడగరని. నేను గూడ గట్లనే సుఖపడ్డ.

ఇంకో మాట. తిరిగి చెప్పరాదని భయపడుతున్నవు. నాలుగేండ్ల సంది ప్రతి జాబుల ఏం చేస్తున్నవు? నేను నంబరు పంపుత, నువ్వు మొదలు గదే తిరిగి చెప్తవు. దానెన్క నీ ముచ్చట. ఆ టవరాయన అడిగేది గంతే కదా బిడ్డా. నాకు కూడ తొలి దినాలు ఫోను మోగితే నోరు ఎండేది. మాస్టర్ తమిళాయన. ఆయన మాట నాకు, నా మాట ఆయనకు సమజయ్యేది కాదు. సమజ్ కాకుంటే "మల్ల చెప్పుండ్రి" అంట. పదిసార్లన్న. ఆయన పదిసార్లు గుస్స చేసిండు. గుస్స తోటి ఎవ్వల కాలు పోలే.

కాగితం మీద వేలిముద్ర ఏసిన. ఊరు పేరు రాయించలే. అది నువ్వే రాసుకో. ఏది రాసినా నేను నీ దిక్కే.

బాపు
19

సుమిత్రా, ఇగ నేను రాస్తున్న, కొమురెల్లిని. మీ బాపు బయటికి పోయి వేపచెట్టు కింద కూసున్నడు, నా మొకం చూడలేక.

నాకు అన్ని యాదికున్నయ్. గేటు తీసే ఉండె. దవాఖానలకు సాబులు వచ్చి, "గేటు నువ్వే తీసినవా?" అని అడిగినప్పుడు మీ అమ్మ మంచం కాళ్ల దిక్కు కూసొని ఏడుస్తున్నది. నువ్వు ఆమె ఒళ్లె పండుకున్నవు. "తీసిన" అన్న. ఎందుకన్నన్నో అప్పుడు నాకు గూడ సరిగ తెల్వదు. ఈ ఇంటికి వచ్చినప్పుడు మంచితనం తోటి రాలే. కోపం తోటే వచ్చిన. వీడు ఎన్నడు చెప్తడో చూడాలని వచ్చిన. ఏడాది చూసిన. తర్వాత మీ అమ్మ చేసే సర్వపిండి అలవాటైంది. నీకు అచ్చరాలు దిద్దిచ్చుడు అలవాటైంది. చూసుడు మరిచిపోయిన. ఇయ్యాల చెప్తుంటే రాసుకుంట, నా చెయ్యి ఆగలే. అదే నాకు నవ్వొచ్చింది.

నీకు ఒక్కటి చెప్పాలె. మీ బాపుకు గూడ చెప్పలే ఇప్పటిదాక. గేటు తీసి ఉంటే ఉండనీ, పట్టాల మీదికి ఎక్కేముందు నేను కుడికి, ఎడమకు చూడాలె. ఎర్రజెండా సంగపోళ్ల తోటి తిరిగినప్పుడు రాత్రి బడిల నాలుగు అచ్చరాలు నేర్చినోన్ని, గంత తెల్వదా? చూడలే. తొమ్మిది దినాలు బండి రాకపోయెవరకు నా మెడ తిరుగుడే మరిచిపోయింది. గేటు ఆనిది, మెడ నాది. ఏ ఊరు రాసుకున్నా గిది మతిలుంచుకో.

ఈ జాబు డబ్బాల ఏస్తే టైముకు అందదని, టేషన్ల బండి ఆగంగనే దాని టపా పెట్టెల ఏస్తున్న. ఉరుకలేను గని కర్ర తోటి అందుకుంట.


హైదరాబాదు,
24 ఫిబ్రవరి 1984

బాపుకు, కొమురెల్లి మామకు,

నీ పందొమ్మిది అందింది. కోపంతో నేను తిరిగి చెప్పని ఇరవై ఆరు కూడా అందింది. రెండు గేట్లూ పడ్డాయి, ఇక నిమ్మళంగా ఉండు. ఆలస్యం నాదే, చెప్పడానికి ఒక సంగతి జరగాలని ఇన్నాళ్లు ఆగాను.

ఆ ఉత్తరం 30న వచ్చింది. మొదట చదివినప్పుడు నీ మీద ఎంత కోపం వచ్చిందో దాచను. మామ కాలు ఎట్లా పోయిందో తెలియకుండానే, ఆయన చంకకింది కర్రను చిన్నప్పుడు గుర్రంగా చేసుకొని ఆడుకున్నాను నేను. రెండోసారి చదివాక ఏడ్చాను. మూడోసారి చదవలేదు. కాగితం తీసి ఊరు పేరు రాశాను. బేగంపేట.

ధైర్యం వచ్చి రాయలేదు. రాసినప్పుడు అక్షరాలు వంకర పోయాయి. ఇప్పటికీ రేడియో పెట్టుకుంటే చేతులు తడుస్తాయి. ఒక చేతిరుమాలు వెంట ఉంచుకుంటున్నాను. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమంటున్నాను. ఒకరోజు నాలుగుసార్లు అన్నాను. టవర్‌లో ఆయన నాలుగోసారి చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. క్యాంటీనులో నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు.

నిన్న పొద్దున మూడు చుట్లు తిరిగాక సార్ విమానం ఆపించి, తలుపు తీసుకొని దిగిపోయారు. "ఇక నువ్వు పో" అన్నారు. ఆయన కూర్చునే చోటు ఖాళీ. అంత భయం నేను పుట్టి ఎరగను బాపూ. వెనక్కి పిలవాలనిపించింది. పిలవలేదు, ఎందుకంటే అప్పటికే టవర్ నన్ను అడుగుతోంది, జవాబు చెప్పాలి.

ఎగిరాను. బరువు తగ్గి విమానం గబగబా లేచింది. చెరువులు, ఇళ్లు, తూర్పుకు పోయే రైలు పట్టా కనిపించాయి. జనగామ మీదుగా మీ దాకా వచ్చే పట్టా అదే. దాని దిక్కు ఒక్కసారే చూశాను, ఎక్కువసేపు చూడాలంటే భయమేసింది.

దిగడానికి తిరుగుతుండగా టవర్ పిలిచింది. ముందు ఒక పెద్ద విమానం ఉంది, నీది రెండో నంబరు, అన్నది. నంబరు! నోరు ఎండిపోయింది. అయినా నా నోటికి అలవాటున్నది అదొక్కటే కదా. ముందు నంబరు తిరిగి చెప్పాను. ఆ తర్వాత మిగతా మాటలు వాటంతటవే వచ్చాయి. పెద్ద విమానం దిగి, పక్కకు తప్పుకుంది. దారి ఖాళీ, దిగవచ్చు, అన్నది టవర్. అది కూడా తిరిగి చెప్పాను.

అమ్మకు చెప్పు, కొబ్బరికాయ కొట్టవచ్చు.

మామా, ఇది నీకు. టవర్ దారి ఖాళీ అన్న తర్వాత కూడా నేను వెంటనే దిగలేదు. మెడ తిప్పి కుడికి చూశాను. ఎడమకు చూశాను. ఏమీ లేదు. ఏమీ లేదని చూసి తెలుసుకున్నాకే దిగాను.

మీ బిడ్డ
సుమిత్ర